డ్రమ్ము స్మోకర్‌లో మొదటిసారి రిబ్స్, చికెన్: అడుగు మాడింది, పైన పలుకు. తప్పెక్కడ?

#1 తొలివాయి
బొగ్గు సెగలో, పొగలో మాంసం వండటానికి సొంతంగా చేసుకున్న 200 లీటర్ల డ్రమ్ము. అడుగున మూడు గాలి కన్నాలు, మూతకి ఎనిమిది పొగ కన్నాలు. పైన అడ్డంగా రెండు ఇనప కడ్డీలు, వాటికి కొక్కేలేసి మాంసం వేలాడదీయడం. నిన్న మొదటి వాయి. ఏం చేశానో ఉన్నదున్నట్టు రాస్తున్నా. తిట్టండి, కానీ కారణం చెప్పి తిట్టండి.

బుట్ట నిండా బ్రికెట్లు (అచ్చుపోసిన బొగ్గు బిళ్లలు) పోశా, సుమారు 12 కిలోలు పట్టాయి. ఇంకో చిమ్నీ (బొగ్గు అంటించే గొట్టం లాంటి డబ్బా) నిండా అంటించి వాటి మీద పోశా. కన్నాలన్నీ బార్లా. అరగంటలో మూత మీటరు 190 సెల్సియస్ చూపించింది. భయమేసి కిందా పైనా అన్నీ మూసేశా. చిక్కటి తెల్ల పొగ కమ్మింది, వేడి 105కి దిగింది. అప్పుడు రెండు ర్యాకుల పంది రిబ్స్ (పక్కటెముకల వరస మొత్తం ఒక ర్యాకు), ఒక కోడిని రెండు సగాలు చేసి, అన్నీ ఒకేసారి వేలాడదీశా. పదిహేను ఇరవై నిమిషాలకోసారి మూత తీసి చూశా. మూడు గంటలూ 105కీ 160కీ మధ్య ఊగుతూనే ఉంది.

రిబ్స్ కింది నాలుగు ఎముకలు బొగ్గు. పై భాగం కొరికితే సాగుతోంది. ఒక ర్యాకు సగం తెగి నిప్పుల్లో పడింది. కోడి తొక్క రబ్బరు, తొడ ఎముక దగ్గర గులాబీ రంగు. అన్నిటికీ కలిపి ఒక చేదు.

#2 మూతతీయకు
పదిహేను ఇరవై నిమిషాలకోసారి మూతా? నా పేరు చదవండి. సలహా అయిపోయింది.

#3 కొక్కెం
కొలతలు చెప్పండి. కడ్డీ నేల నుంచి ఎంత ఎత్తు, బుట్ట ఎంత లోతు, బుట్ట అడుక్కీ డ్రమ్ము అడుక్కీ మధ్య ఎంత ఖాళీ, ర్యాకు పొడవెంత. కింది నాలుగు ఎముకలు మాడటానికి కారణం ఆ లెక్కలోనే ఉండుంటుంది.

#4 సన్నసెగ
కొలతలు వచ్చేలోపు గాలి సంగతి.

గ్యాసు పొయ్యిలో మంట తగ్గిస్తే వేడి తగ్గుతుంది. డ్రమ్ములో తిప్పడానికి మంట లేదు, గాలి ఉంది. ఎన్ని బ్రికెట్లు రాజుకుంటాయన్నది కింద నుంచి ఎంత గాలి వస్తుందన్న దాన్ని బట్టి. మీరు 12 కిలోల మీద చిమ్నీడు నిప్పులు పోసి, మూడు కన్నాలూ తెరిచి అరగంట వదిలేశారు. ఆ అరగంటలో కింది బ్రికెట్లు చాలావరకు రాజుకుని ఉంటాయి. ఆ తర్వాత కన్నాలు మూయడం చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. ఒకసారి రాజుకున్న బొగ్గు చల్లబడటానికి చాలా సేపు పడుతుంది. డ్రమ్ములో వేడి పెంచడం పది నిమిషాల పని, దించడం గంట పని.

అసలు తప్పు మాత్రం పై కన్నాలు మూయడం. లోపలికొచ్చే గాలిని తగ్గించండి, బయటికెళ్లే పొగని ఆపకండి. పొగకి దారి లేకపోతే సగం కాలిన ఆవిర్లు లోపలే తిరిగి, చల్లగా ఉన్న మాంసం మీద తారులా పేరుకుంటాయి. నాలుక మీద చురుక్కుమనే చేదు అదే. పై కన్నాలు వంట మొదలు నుంచి చివరిదాకా పూర్తిగా తెరిచే ఉండాలి. అవి మూసేది ఒక్కసారే, వంటంతా అయ్యాక బొగ్గు ఆర్పడానికి.

అంటించే పద్ధతి: ముందు చల్లటి బ్రికెట్లు 4 నుంచి 5 కిలోలు బుట్టలో సర్దండి. ఐదారు గంటలకి అది సరిపోతుంది. మధ్యలో గుంట చేయండి. చిమ్నీలో 20, 25 బ్రికెట్లు మాత్రం అంటించి, పైవాటి అంచులు బూడిద రంగుకి తిరిగాక, అంటే సుమారు 15 నిమిషాలకి, ఆ గుంటలో పోయండి. నిప్పు అక్కణ్ణించి మెల్లగా పక్కవాటికి పాకుతుంది. దీన్నే మినియన్ పద్ధతి అంటారు. కావలసిన వేడికి 15 డిగ్రీలు తక్కువ ఉండగానే కింది గాలి తగ్గించడం మొదలుపెట్టాలి. 130 కావాలంటే 115 దగ్గర చెయ్యి కదలాలి. 130 చూశాక మూస్తే 160కి పోతుంది.

#5 నిప్పుకణిక
సన్నసెగ చెప్పిందానికి ఒప్పుకుంటా, ఒక్క అంకెకి తప్ప. 20 చాలవు. 200 లీటర్ల డ్రమ్ము రేకు పల్చన, చలిరోజున వేడంతా బయటికే పోతుంది. 20తో మొదలుపెడితే 100 దాటడానికే గంటన్నర. 35, 40 పోసి గాలి ముందే తగ్గించుకోవడం మేలు.

#6 సన్నసెగ
ఎదురుగాలి, చలి ఉంటే 40 సరే. ఎండపూట 40 పోస్తే మొదటిసారి చేసేవాళ్ల చేతిలో నిలవదు. తక్కువతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు, ఎక్కువతో మొదలుపెట్టి దించలేరు. నేను 20 అనే అంటా.

#7 తొలివాయి
కొలతలు: డ్రమ్ము ఎత్తు 88 సెం.మీ., కడ్డీలు అడుగు నుంచి 82 దగ్గర. కొక్కెం పొడవు 8. బుట్ట 38 వెడల్పు, 25 లోతు, 8 సెం.మీ. కాళ్ల మీద నిలబడుతుంది. ర్యాకు 42 పొడవు, చివరి నుంచి 6 సెం.మీ. లోపల కొక్కెం గుచ్చా.
గాలికి మూడు ముప్పావు అంగుళం పైపులు, ఒకదానికి బాల్ వాల్వు, రెండింటికి క్యాపులు. పైన ఎనిమిది అరంగుళం కన్నాలు.
ఇంకోటి, లోపల ఎర్రమట్టి రంగు పూత ఉంది. అది కొన్నిచోట్ల పొక్కులు లేచింది. దానికేమైనా సంబంధం ఉందా?

#8 వెల్డింగ్‌మావ
ఆగండి ఆగండి. ఎర్రమట్టి రంగు పూతా? దాన్ని తగలబెట్టి ఊడగొట్టకుండానే వండేశారా?

#9 తొలివాయి
పళ్ల గుజ్జు వచ్చిన డ్రమ్ము. సబ్బుతో రెండుసార్లు కడిగా. ఫుడ్ గ్రేడ్ కదా, చాలనుకున్నా.

#10 వెల్డింగ్‌మావ
ఫుడ్ గ్రేడ్ అనేది మామూలు వేడిలో నిలవ ఉంచడానికి. లోపలి పూత ఎపాక్సీయో ఫినాలిక్కో అయి ఉంటుంది, పొయ్యి వేడికి చేసింది కాదు. పొక్కులొచ్చాయంటే విడిపోతోందని అర్థం. మీ చేదులో సగం వాటా దానిదే అయ్యుండొచ్చు. ఇది తేలేదాకా ఇంకో వాయి వద్దు. నిన్నటిది మిగిలి ఉంటే పారేయండి.

చేయాల్సింది ఇది. మూత తీసి, వాల్వు, మీటరు అన్నీ విప్పి, డ్రమ్ముని ఇటుకల మీద బయట ఖాళీ చోట నిలబెట్టండి. ఎండుకట్టె నిండా పేర్చి పెద్ద మంట, కనీసం రెండు గంటలు, మధ్యలో కట్టె వేస్తూ. ఆ పొగ పీల్చకండి, గాలి ఎటు నుంచి వస్తోందో అటు నిలబడండి. మూత లోపలి వైపు కూడా అదే మంట మీద బోర్లించి కాల్చాలి, చాలామంది మర్చిపోయేది అదే. చల్లారాక పూత పెళుసై ఉంటుంది, గ్రైండరుకి వైరు బ్రష్ బిగించి గీకితే రాలుతుంది. మాస్కు, కళ్లద్దాలు తప్పనిసరి. తెల్లటి లోహం కనపడేదాకా. మొండిగా అతుక్కున్న చోట రెండోసారి కాల్చండి. తర్వాత కడిగి, ఆరబెట్టి, లోపలంతా వంటనూనె పల్చగా రాసి, ఖాళీ డ్రమ్మునే 150 మీద రెండు మూడు గంటలు నడపండి. నల్లటి పొర కడుతుంది, తుప్పు ఆగుతుంది. బయటికి వేడి తట్టుకునే పెయింటు వేసుకోండి, లోపల ఏ పెయింటూ వద్దు.

చదివే మిగతావాళ్లకి: లోపల ఏముందో తెలియని డ్రమ్ము, రసాయనాలదీ నూనెలదీ, ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. మూత బిగించి ఉన్న పాత డ్రమ్ముని గ్యాస్ కట్టరుతో కొయ్యడం ఇంకా ప్రమాదం, లోపలి ఆవిరి అంటుకుని పేలుతుంది. బుట్టకీ కడ్డీలకీ జాలీకీ గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) సామాను వాడొద్దు, నిప్పుల్లో జింకు పొగ వస్తుంది. కింది గాలి పైపుల్లో చల్లటి గాలే నడుస్తుంది కాబట్టి అక్కడ అంత భయం లేదు.

#11 పొగరాయుడు
మసాలా గురించి రాద్దామని వచ్చా. మావ డ్రమ్మునే వండేశాడు.

#12 కొక్కెం
#7 లెక్క చూడండి. కడ్డీ 82, కొక్కెం 8 తీసేస్తే గుచ్చిన చోటు 74 దగ్గర. అక్కణ్ణించి కిందికి 36 వేలాడింది, అంటే ర్యాకు చివర 38 దగ్గర. బుట్ట కాళ్లు 8, బొగ్గు 25, బొగ్గు పైభాగం 33. మధ్యలో మిగిలింది 5 సెం.మీ.! మాడకపోతేనే వింత.

సన్నసెగ చెప్పినట్టు 4, 5 కిలోలే పోస్తే మీ బుట్టలో పది సెం.మీ. మందం వస్తుంది. బొగ్గు పైభాగం 18కి దిగుతుంది, ఖాళీ 20. అది చాలు. ఇంకా భయమైతే ర్యాకుని అడ్డంగా రెండు ముక్కలు చేసి వేలాడదీయండి, ఎటూ మాడదు, రెండూ ఒకేసారి ఉడుకుతాయి.

తెగి పడిన సంగతి. కొక్కెం చివరి నుంచి రెండో ఎముకకీ మూడో ఎముకకీ మధ్య, మాంసం మందంగా ఉన్నచోట గుచ్చాలి. మొన ఎముక కింద నుంచి వెళ్లి అవతలికి వస్తే బరువు ఎముక మీద పడుతుంది. ఒట్టి మాంసంలో గుచ్చితే మెత్తబడ్డాక వెన్నలో కత్తిలా జారిపోతుంది. పెద్ద ర్యాకుకి రెండు కొక్కేలు, ఒకటి తెగినా ఇంకోటి పట్టుకుంటుంది. సన్నటి చివర పైకి, మందంగా ఉన్న చివర కిందికి. నిప్పుకి దగ్గరగా ఉండేది మందమైనదే కావాలి.

#13 ఎముకవదలకు
లోపలి పొర తీశారా? ఎముకల వైపు ఉండే పల్చటి తెల్ల పొర.

#14 తొలివాయి
తీశా. చెంచా కాడతో ఒక మూల లేపి, టిష్యూతో పట్టుకుని లాగితే మొత్తం వచ్చేసింది.

#15 ఎముకవదలకు
జాలీ మీద పడుకోబెట్టి వండితే తీయాల్సిందే. వేలాడదీసేటప్పుడు ఉంచేస్తాను నేను, కత్తితో చదరాల్లా గీట్లు పెడితే చాలు. ఆ పొర ఎముకల్ని పట్టి ఉంచుతుంది, ర్యాకు తెగడం తగ్గుతుంది.

#16 కొక్కెం
ఒప్పుకోను. కాలిన పొర పంటికింద కాగితంలా తగులుతుంది. కొక్కెం సరిగా గుచ్చితే పొర అవసరమే రాదు.

#17 ఎముకవదలకు
గీట్లు పెడితే కాగితం కాదు. సరే, ఇది ఇక్కడ తేలే తగాదా కాదు.

#18 తొక్కకరకర
కోడి గురించి ఎవరూ మాట్లాడట్లేదు కాబట్టి.

తొక్క కింద కొవ్వు ఉంటుంది. అది కరిగి కారిపోయి, తొక్కలో నీరు ఆవిరైతేనే కరకర. 105లో కొవ్వు సరిగా కరగదు, నీరు ఆరదు, తొక్క ఉడికిన రబ్బరవుతుంది. కోడికి 150 నుంచి 165 కావాలి. నిదానంగా వండితే మెత్తగా వస్తుందన్న మాట పంది భుజానికీ రిబ్స్‌కీ వర్తిస్తుంది. కోడిలో విరగగొట్టాల్సినంత గట్టి కండ లేదు, నిదానంగా వండితే ఒరిగేదేమీ లేదు.

ముందురోజే ఉప్పు పట్టించండి, కిలో కోడికి 12 గ్రాములు. ఉప్పులో కిలోకి ఒక టీస్పూను బేకింగ్ పౌడర్ కలిపితే తొక్క ఇంకా బాగా ఎండి రంగు తిరుగుతుంది. బేకింగ్ సోడా కాదు, సోడా వేస్తే సబ్బు రుచి. మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో జాలీ మీద రాత్రంతా ఉంచండి. పొద్దున తడితే కాగితంలా పొడిగా తగలాలి. మీరు ఉప్పునీళ్లలో నానబెట్టి తడిగానే వేలాడదీసినట్టున్నారు?

#19 తొలివాయి
కరెక్ట్. ఉప్పునీళ్లలో ఆరు గంటలు, తీసి నేరుగా కొక్కేనికి. పైగా ముందు కుళాయి కింద కడిగా.

#20 తొక్కకరకర
పచ్చి కోడిని కడగొద్దు. ఆ తుంపర్లు సింకంతా పడి క్రిములు పాకుతాయి, లోపలివి చచ్చేది నిప్పుకే గానీ నీళ్లకి కాదు.

వేలాడదీయడం: వెన్నెముక వెంబడి నిలువుగా సగానికి కోసి, కొక్కెం రెక్క మొదలు పక్క నుంచి రొమ్ము ఎముకల కిందుగా గుచ్చండి. తొడ కిందికి ఉండాలి. రొమ్ము 74 డిగ్రీలకి చాలు, అది దాటి 80కి పోతే పీచు. తొడకి 80, 85 ఉంటేనే ఎముక దగ్గర జిగురు కరిగి బాగుంటుంది. కింద వేడి ఎక్కువ కాబట్టి తొడ కిందికి పెడితే రెండూ ఒకేసారి అందుకుంటాయి. ఒకటిన్నర కిలో కోడి సగాలు 155 దగ్గర 75 నుంచి 90 నిమిషాలు.

ఎముక దగ్గర గులాబీ రంగు చూసి బెంబేలెత్తకండి. లేత కోడి ఎముకల్లోంచి రంగు మాంసంలోకి దిగుతుంది, పొగ తగిలితే అంచుల్లో ఎరుపు నిలుస్తుంది. రంగు సాక్ష్యం కాదు, థర్మామీటరే సాక్ష్యం. ముల్లు ఎముకకి తగలకుండా తొడ మందంలో గుచ్చి చూడండి.

#21 పొగరాయుడు
105 అంటే ఫారన్‌హీట్‌లో 221. ఎక్కడో 225 అని చదివి కోడికి కూడా అదే పెట్టి ఉంటారు. మీ మూత మీటరు దేంట్లో ఉంది, సెల్సియసా ఫారన్‌హీటా?

#22 తొలివాయి
రెండూ ఉన్నాయి. చదివింది 225 ఫారన్‌హీటే, రిబ్స్‌కి. కోడి దాని పక్కన ఫ్రీగా ఎక్కింది.

#23 సన్నసెగ
ఆ మీటరుని అంతగా నమ్మకండి. ముందు మరిగే నీళ్లలో ముల్లు ముంచి చూడండి, సముద్రమట్టం దగ్గర 100 చూపాలి, ఎత్తుకి వెళ్లేకొద్దీ ప్రతి 300 మీటర్లకి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. అది సరిగ్గా ఉన్నా, మూత దగ్గరి వేడి వేరు, మాంసం పక్కన వేడి వేరు. వైరున్న థర్మామీటరు ముల్లుని ర్యాకు మధ్య ఎత్తులో, మాంసానికి 5 సెం.మీ. దూరంలో వేలాడదీయండి. మీరు పట్టించుకోవాల్సిన అంకె అదే.

#24 మూతతీయకు
మూత తీస్తే ఏమవుతుందో ఇప్పుడు సీరియస్‌గా. వేడి పోతుందనుకుంటారు, నిజమే, మొదటి నిమిషం పోతుంది. కానీ ఆక్సిజన్ ఒక్కసారి లోపలికి దూకుతుంది, నిప్పులు భగ్గుమంటాయి, అప్పుడే కారుతున్న కొవ్వు అంటుకుంటుంది. మూత పెట్టాక పది నిమిషాలకి మీటరు మీరు వదిలిన చోటు కంటే 20, 30 ఎక్కువ చూపుతుంది. దాన్ని తగ్గించడానికి కన్నం మూస్తారు, అది మరీ పడిపోతుంది, మళ్లీ తెరుస్తారు. #1లో 105, 160 మధ్య ఊగింది అందుకే. మూడు గంటల్లో మూడుసార్లు చాలు. తీసినప్పుడు కూడా ముందు కింది గాలి మూసి, అర నిమిషం ఆగి, అప్పుడు మూత. లోపల మంట లేస్తే నీళ్లు చల్లొద్దు, మూత పెట్టేస్తే చాలు, గాలందక తనే చస్తుంది.

#25 నిప్పుకణిక
ఇంకోటి, కడ్డీలు దూర్చిన కన్నాలు. కడ్డీ తీసేస్తే ఆ కన్నాలు అదనపు పొగ దారులవుతాయి, లాగుడు పెరిగి వేడి ఎక్కుతుంది. తెలియక తీస్తే సమస్య, తెలిసి తీస్తే కోడికి చివర్లో వేడి పెంచే ఉపాయం.

#26 పొగకోసంవచ్చా
ఎనిమిది అరంగుళం కన్నాలు సరిపోతాయా? నాది కూడా అలాగే ఉంది, తక్కువేమోనని అనుమానం.

#27 వెల్డింగ్‌మావ
ముప్పావు అంగుళం పైపు లోపలి వ్యాసం సుమారు 21 మి.మీ., మూడింటికి వైశాల్యం దాదాపు 1040 చదరపు మి.మీ. అరంగుళం కన్నాలు ఎనిమిదికి 1013. ఇంచుమించు సమానం, మూడూ బార్లా తెరిచేది కొద్దిసేపే కాబట్టి నడుస్తుంది. ఇంకో రెండు కన్నాలు వేస్తే తప్పులేదు. లోపలికి వచ్చేదానికంటే బయటికెళ్లే దారి కాస్త పెద్దగా ఉంటేనే పొగ శుభ్రంగా ఉంటుంది.

#28 పొగరాయుడు
ఇప్పుడు పొగ కోసం బొగ్గులో వేసే చెక్క. #1లో ఏ చెక్క వేశారో చెప్పలేదు.

#29 తొలివాయి
హికరీ ముక్కలు, ఆరేడు. నీళ్లలో గంట నానబెట్టి.

#30 పొగరాయుడు
చేదు లెక్క పూర్తయింది. పూత, మూసిన కన్నాలు, ఏడు తడి హికరీ ముక్కలు. ముగ్గురు ముద్దాయిలు.

నానబెట్టడం వల్ల పనేమీ జరగదు. నీరు చెక్క లోపలికి దిగేది చాలా తక్కువ, పైన ఉన్న తడి ఆవిరయ్యేదాకా తెల్ల ఆవిరి, నిప్పు మీద చల్లదనం, అంతే. ఎండిన ముక్కలు, పిడికిలంత, బెరడు తీసినవి. రిబ్స్‌కి మూడు, కోడికి ఒకటి. కోడి పొగని స్పాంజిలా పీలుస్తుంది, దానికి యాపిల్, చెర్రీ లాంటి తేలిక చెక్క మంచిది. హికరీ, ఓక్ రిబ్స్‌కి బాగుంటాయి. మెస్కీట్ ఘాటు, మొదటిసారికి వద్దు. పైన్ లాంటి జిగురు చెక్కలు, పెయింటు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు ఎప్పటికీ వద్దు. ముక్కల్ని బొగ్గులో అక్కడక్కడా పాతిపెడితే నిప్పు పాకినప్పుడు ఒక్కొక్కటే అంటుకుంటుంది.

మాంసం ఎప్పుడు పెట్టాలో కన్ను చెబుతుంది. బ్రికెట్లు రాజుకునేటప్పుడు తెల్ల పొగ మామూలే, 30, 40 నిమిషాలు. అది పల్చబడి, నీలంగా, ఉందో లేదో అన్నట్టు ఉన్నప్పుడు వేలాడదీయండి.

#31 నిప్పుకణిక
బ్రికెట్ల బదులు మామూలు చెక్కబొగ్గు వాడితే ఆ తెల్ల పొగ బాధ తగ్గుతుంది.

#32 సన్నసెగ
తగ్గుతుంది, కానీ ముక్కలు ఒక్కోటి ఒక్కో సైజు. పెద్దవాటి మధ్య గాలి జోరుగా దూరుతుంది, వేడి పట్టు దొరకదు. చిన్న పొడి అడుగున చేరితే గాలి ఆగుతుంది. ముందు బ్రికెట్లతో చెయ్యి తిరగనివ్వండి. ఏదైనా సరే, లైటర్ ఫ్లూయిడ్ పోసినవి మాత్రం వద్దు.

#33 తొలివాయి
రిబ్స్‌కి పట్టించిన పొడి మసాలాలో (రబ్) సగం బ్రౌన్ షుగర్. అది కూడా తప్పేనా?

#34 ఎముకవదలకు
తప్పు కాదు, చోటు తప్పు. చక్కెర 160 దగ్గర రంగు తిరుగుతుంది, అది దాటి వేడెక్కేకొద్దీ మాడి చేదెక్కుతుంది. గాలి 130 ఉన్నా నిప్పుకి ఎదురుగా ఉన్న ముఖం మీద సెగ అంతకంటే ఎక్కువ. చక్కెరని పావు వంతుకి తగ్గించండి, ఉప్పు వేరే లెక్క, మాంసం కిలోకి 10 గ్రాములు. తీపి సాసు రాయాలంటే చివరి 20 నిమిషాల్లో. చక్కెర ఎక్కువ ఉంటే ఎముకల వైపు నిప్పుల మధ్యకి, మాంసం వైపు రేకుకి తిప్పి పెట్టండి.

#35 కొక్కెం
నేను సరిగ్గా తిరగేసి, మాంసం వైపు మధ్యకే పెడతా, రంగు అక్కడే బాగా వస్తుంది. చక్కెర తక్కువైతే.

#36 ఎముకవదలకు
తక్కువైతే సరే.

ఇక రిబ్స్ ఎందుకు సాగాయి. 74 దగ్గర తినడానికి సురక్షితమే, కానీ ఎముకల మధ్య ఉన్న గట్టి జిగురు ఇంకా కరగలేదు. 90 నుంచి 95 లోపలి వేడికి వచ్చి, అక్కడ కాసేపు నిలిచాకే మెత్తబడతాయి. 130, 135 దగ్గర సన్న ర్యాకులకి మూడున్నర, నాలుగు గంటలు, పెద్దవాటికి ఐదు దాకా. గడియారం చూడకండి. పట్టకారుతో ర్యాకు మధ్యలో పట్టి లేపండి, రెండు కొసలూ విల్లులా వంగి పైన మాంసం చీలికలు పడుతుంటే అయింది. ఎముకల చివర నుంచి మాంసం అర సెంటీమీటరో కొంచెం ఎక్కువో వెనక్కి జరిగి ఉండాలి. పుల్ల గుచ్చితే అడ్డు లేకుండా దిగాలి. వేలాడుతున్న ర్యాకు ఆ దశకి వచ్చిందంటే తెగి పడటానికి సిద్ధంగా ఉందని అర్థం. అందుకని 85, 88 దగ్గరే దించి, ఫాయిల్‌లో చుట్టి జాలీ మీద పడుకోబెట్టి మిగతాది పూర్తి చేయండి.

#37 నిప్పుకణిక
ఫాయిల్ చుడితే పై పెచ్చు మెత్తబడిపోదూ? డ్రమ్ము మజా అంతా ఆ పెచ్చే.

#38 ఎముకవదలకు
40 నిమిషాలకి పెద్దగా పోదు. విప్పి పది నిమిషాలు వేడిలో ఉంచితే మళ్లీ గట్టిపడుతుంది. గంటన్నర చుడితే మాత్రం మీరన్నది నిజం.

#39 పొగకోసంవచ్చా
మధ్యలో నీళ్ల గిన్నె పెడితే ఈ మాడే గొడవ పోతుంది కదా?

#40 సన్నసెగ
పోతుంది. దాంతోపాటు కొవ్వు నిప్పుల మీద పడి లేచే పొగ కూడా పోతుంది, డ్రమ్ము రుచి అంటే అదే. నీళ్లు ఉన్నంతసేపు కోడికి కావలసిన 155కి ఎక్కడం కష్టం. ఎత్తు లెక్క సరిచేసుకున్నాక గిన్నె అక్కర్లేదు.

#41 తొక్కకరకర
రెండూ ఒకే రోజు చేయాలంటే వరస ముఖ్యం. ముందు రిబ్స్ 130లో, అవి అయ్యాక ఫాయిల్‌తోనే మందపాటి బట్ట చుట్టి మూతున్న ఐస్‌పెట్టెలో, ఐస్ లేకుండా, పెట్టేయండి. 60 కంటే పైన రెండు గంటలు నిలుస్తాయి. అప్పుడు గాలి పెంచి 155కి తెచ్చి కోడి. రిబ్స్ ఆగుతాయి, కోడి తొక్క ఆగదు, పావుగంట దాటితే మెత్తబడిపోతుంది. పైగా పచ్చి కోడి పక్కన ఉడికిన రిబ్స్ వేలాడే పరిస్థితి రాదు.

#42 తొలివాయి
రెండు వారాల తర్వాత. మావ చెప్పినట్టు డ్రమ్ము కాల్చా, రెండుసార్లు. మూత మూడుసార్లు కాల్చాల్సొచ్చింది. నూనె రాసి ఖాళీగా నడిపా. నిన్న రెండో వాయి, చీటీ ఇదిగో.

బ్రికెట్లు 4.5 కిలోలు, అంటించినవి 25. 9:10కి పోశా, వాల్వు, ఒక క్యాపు తెరిచి. 112 దగ్గర క్యాపు పెట్టేసి వాల్వు సగం చేశా. 9:50కి 128 దగ్గర నిలిచింది. 10:00కి రిబ్స్, ర్యాకు సగాలుగా. 12:20కి ఏమీ ముట్టుకోకుండానే 112కి పడిపోయింది. ఒక క్యాపు తీశా, పావుగంటకి 125, ఆ తర్వాత 150 దాకా పోయింది, మళ్లీ మూశా. 1:00కి లోపల 88, ఫాయిల్. 1:40కి 94, పెట్టెలోకి. అన్నీ తెరిస్తే 1:55కి 158. 2:00కి కోడి, చెర్రీ ముక్క ఒకటి. 3:15కి రొమ్ము 74, తొడ 83.

రిబ్స్ కొరికిన చోట శుభ్రంగా విడిపోతున్నాయి, ఎముక నుంచి రాలిపోవట్లేదు. తొక్క కరకర. చేదు లేదు. రెక్కల కొసలు మాత్రం నల్లబడ్డాయి. 12:20కి ఏమైందో అర్థం కాలేదు.

#43 సన్నసెగ
బూడిద. రెండు గంటలు దాటాక బ్రికెట్ల బూడిద బుట్ట అడుగు జాలీని కప్పేస్తుంది, గాలి నిప్పుదాకా చేరదు. కన్నం తెరవడం మందు కాదు, ఎందుకంటే బూడిద తనంతట రాలగానే ఆ అదనపు గాలంతా నిప్పుకి అందుతుంది. మీకు 150 అందుకే వచ్చింది. వేడి కారణం లేకుండా పడితే ముందు డ్రమ్ముని కింద రెండు మూడుసార్లు చెక్కతో తట్టండి, లేదా గాలి పైపులోంచి సన్న కడ్డీ దూర్చి బుట్ట అడుగు కదపండి. ఐదు నిమిషాలు ఆగి అప్పుడు వాల్వు సంగతి చూడండి.

#44 తొక్కకరకర
రెక్క కొసల్ని రొమ్ము వెనక్కి మడిచి పుల్లతో గుచ్చండి. లేదా ముందే కోసేయండి, అక్కడ తినేదేముంది.

#45 పొగరాయుడు
ఇక పేరు మలివాయి అని మార్చుకోండి.

#46 తొలివాయి
మూడోది చేశాక చూద్దాం. మిగిలిన బొగ్గు ఏం చేయాలి? రాత్రి కిందా పైనా మూసేశా, పొద్దున చూస్తే సగం పైగా మిగిలే ఉంది.

#47 వెల్డింగ్‌మావ
దులిపి మళ్లీ వాడండి, అడుగున పాతవి, పైన కొత్తవి. అంటించేవి మాత్రం కొత్తవే. బయట ముట్టుకుంటే చల్లగా ఉన్నా లోపల 24 గంటల దాకా నిప్పు ఉండొచ్చు, అప్పటిదాకా షెడ్డులోకి, గ్యారేజీలోకి తోయకండి. నిప్పు సంగతి ఒకటైతే, కార్బన్ మోనాక్సైడ్ ఇంకోటి, దానికి వాసనుండదు. బూడిద పూర్తిగా చల్లారాక మొత్తం తీసేయండి. తేమ పీల్చి అడుగు రేకుని తినేస్తుంది. కొవ్వు గడ్డకట్టి ఉంటే అదీ గీకేయండి, వచ్చేసారి అంటుకునేది అదే.

#48 పొగకోసంవచ్చా
మావా, నా డ్రమ్ము లోపల తెల్ల పూత ఉంది. అదీ కాల్చాలా?

#49 వెల్డింగ్‌మావ
ఫోటో పెట్టండి. అప్పటిదాకా వండకండి.